చొక్కా జేబులో బోల్టు

రైలు ఇలా కదిలిందో లేదో భార్య ఫోన్ చేసింది. ఆమె కర్టెన్ల దుకాణంలో పని చేస్తుంది, ఇల్లిల్లూ తిరిగి కిటికీలకి కొలతలు తీసుకొస్తుంది. ఇవాళ చివరి ఇంటివాళ్ళు తాళం వేసుకుని ఎటో పోయారట, పని తొందరగా తెమిలిందట, ఇంటికొచ్చి కూర్చుంటే తోచడం లేదట. "స్టేషన్‌కి వచ్చేస్తున్నానండీ, సైకిల్ మీద. మీరు దిగేసరికి అక్కడుంటాను" అని, ఇతను ఆఁ అనేలోపు పెట్టేసింది. మంచిదే, బస్సు కోసం పడిగాపులు పడే బాధ తప్పింది, ఇద్దరం కబుర్లాడుకుంటూ నడిచి పోవచ్చు అనుకుంటూ ఇతను కిటికీలోంచి చూశాడు, ఎవరిదో మేడ మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, ఆ పక్కన నీళ్ళ ట్యాంకు, ఆ పక్కన ఇంకో మేడ, ఎంత తీరిగ్గా చూశాడో తల్చుకుంటే తర్వాత తనకే సిగ్గేసింది. ఫోన్ చొక్కా జేబులో పడేయబోతే లోపల ఏదో గట్టిగా తగిలింది. కాగితంలో చుట్టిన బోల్టు. దాన్ని చూశాక గాని భార్య ఏమందో బుర్రకి ఎక్కలేదు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే సైకిల్. నడిమికి మడిచి సంచిలో పెట్టుకుపోయే మడత సైకిల్. ఆ నడుం దగ్గరుండే కీలుని బిగించి పట్టే బోల్టు ఇదిగో, ఇక్కడ, ఇతని అరచేతిలో ఉంది. నిన్న సాయంత్రం కూర్చుని విప్పాడు. విప్పాల్సిన అవసరం ఏమొచ్చిందయ్యా అంటే, ఏమీ రాలేదు. పాతది శుభ్రంగా పని చేస్తోంది. కానీ బజార్లోకి కొత్త రకం బోల్టొకటి దిగింది, పాతదానిలో సగం బరువు, నీలం రంగు మెరుపు, అది వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ ఇతనికి అన్నం సయించలేదు. తెప్పించాడు. తీరా చూస్తే వెంట్రుకవాసి పొట్టి. సరే, రేపు ఎలాగూ పని మీద ఆ బోల్టు అమ్మిన దుకాణం ఉన్న ఊరే వెళ్తున్నాం కదా, మార్చుకొద్దాం అని, మచ్చుకి పాతది జేబులో వేసుకున్నాడు. ఇంతవరకూ తప్పు లేదు. విడిపోయిన సైకిల్ని నడవాలో రెండు ముక్కలుగా పడేస్తే ఆవిడ కాలికి తగులుతుందని, రెండు సగాలూ కలిపి, నిలబెట్టి, కీలుని నొక్కి పట్టే పిడి, అదే లివర్, మూశాడు. అక్కడ చేశాడు వెధవ పని. బోల్టు లేకపోయినా ఆ లివర్ మూసుకుంటుంది. టక్కుమని చప్పుడు కూడా చేస్తుంది. చూసేవాళ్ళకి నిక్షేపంలాంటి సైకిల్, లోపల పట్టుకునేది మాత్రం ఏమీ లేదు. తీరా దుకాణం వాడు కొత్త బోల్టు వెనక్కి తీసుకుని, సరైన కొలతది వచ్చే వారం రమ్మన్నాడు. ఒక చీటీ రాసి పెట్టి రావచ్చు కదా, పోనీ పొద్దున నోటితో చెప్పి రావచ్చు కదా. ఎందుకు చెప్తాడు, ఆ సైకిల్ ఎక్కే మనిషి ఇంట్లో ఇంకొకరున్నారని తడితే కదా.

ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆమె ఫోన్ ఎక్కడుంటుందో ఇతనికి తెలుసు, కొలతల టేపులూ సుద్దముక్కలూ ఉండే సంచిలో అన్నిటికంటే అడుగున ఉంటుంది, ఇంట్లో ఉన్నా ఎత్తదు, ఇక రోడ్డు మీద ఎత్తుతుందా. ఈపాటికి వీధి చివరకి వచ్చి ఉంటుంది. వీధిలో ఫర్వాలేదు, మెల్లగా పోతుంది, అక్కడ విడిపోయినా మోకాలు చీరుకుపోతుంది, అంతే. అంతే అంటున్నాడు చూడండి, అప్పుడే బేరాలకి దిగాడు, మోకాలైతే ఇచ్చేస్తాను, మోచెయ్యి కూడా తీసుకో, వంతెన ఎక్కకముందే ఏదో ఒకటి అయిపోనీ. స్టేషన్ దారిలో ఉన్న ఆ వంతెనే కదా అసలు భయం. ఎక్కేటప్పుడు దిగి నడిపిస్తుంది, పై నుంచి కిందికి మాత్రం జారుడు, పక్కనే లారీలు, వంతెన అతుకుల దగ్గర దడదడమని కుదుపు, ఆ కుదుపుకి కీలు విచ్చుకుంటుంది, ముందు చక్రం ఒకవైపు, వెనక చక్రం ఒకవైపు, మధ్యలో మనిషి. ఇతను కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే ఇంకా బాగా కనిపించింది, తెరిచాడు. మూడోసారి చేశాడు. ఈసారి మోగను కూడా మోగలేదు, రైలు కొండని చీల్చి పట్టాలేసిన కోతలోకి దూరింది, సిగ్నల్ పోయి ఫోన్ గుడ్డిదైపోయింది.

ఎదురుగా ఒక పెద్దాయన కూర్చుని పేపరు చదువుతున్నాడు. కళ్ళజోడు ఎడమ కాడ ఊడిపోతే నల్లదారంతో కట్టుకున్నాడు. ఇతను కళ్ళద్దాల దుకాణంలో ఏళ్ళ తరబడి అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి, ఎవర్ని చూసినా ముందు ముక్కు మీదికే పోతుంది చూపు, కాబట్టి ఆ దారం ముడి కూడా కనబడింది, రెండు చుట్లు, ఒక ముడి, చివర నోటితో కొరికినట్టు పీచు. ఆవగింజంత మరమేకు ఊడినందుకు ఆ తంటా. ఆవగింజంత మరలతోనే కదా బతుకంతా గడిపింది. కొన్నవాళ్ళు కళ్ళజోడు తీసుకుని వెళ్ళబోతుంటే ఆగండాగండి అని వెనక్కి పిలిచి, చెవి దగ్గర పెట్టుకుని కాడ ఊపి, వదులుందో లేదో విని గాని పంపడు. యజమాని నవ్వుతాడు, ఊడితే మళ్ళీ వస్తారులేవోయ్, మనకే లాభం అంటాడు. ఊడితే మళ్ళీ వస్తారు. మళ్ళీ రాని ఊడడాలు కూడా ఉంటాయి.

ఆమెకి సైకిల్ రాదని కాదు. ఇతనికంటే బాగా తొక్కేది. పెళ్ళికి ముందు కుట్టుపని నేర్చుకోడానికి ఎనిమిది వీధుల అవతలికి ఎవరి సైకిలో అడిగి తీసుకుని వెళ్ళేదట, చేతులు వదిలేసి కూడా తొక్కేదట. ఆ మాట నిజమేనని మొదటిరోజే ఒప్పుకోవాల్సి వచ్చింది. మొదటిరోజంటే ఎర్ర సైకిల్ కొన్నరోజు. కింద స్టాండులో పెట్టిన మామూలు సైకిల్ని ఎవడో ఎత్తుకుపోయాడు, ఉన్నది నాలుగో అంతస్తు, లిఫ్టు ఉన్నా లేనట్టే, అప్పుడు ఆమే అంది, మడతపెట్టి పైకి తెచ్చుకునేవి ఉంటాయట కదండీ, అదొకటి కొనుక్కోండి అని. ఆమే అంది. కొని, బస్సులో ఇద్దరి ఒళ్ళోనూ పెట్టుకుని తెచ్చారు, అట్టముక్కలు ఇంకా విప్పని ఎర్ర సైకిల్, కండక్టరు దానికి కూడా టిక్కెట్టు కొడతానన్నాడు, ఆమె అరటిక్కెట్టే ఇవ్వాలి, ఒళ్ళో కూర్చుంది కదా అంది. బస్సంతా నవ్వింది. ఇంటి ముందు ఖాళీ స్థలంలో విప్పి నిలబెడితే ముందు ఆమే ఎక్కింది, రెండు చుట్లు గిర్రున తిరిగింది, మూడో చుట్టులో ఒక చెయ్యి వదిలేసి ఇతనికేసి ఊపింది, ఊపి, గోడకి గీసుకుంది. ఏమీ కాలేదు, కీలు పక్కన నెలవంక లాగా చిన్న గీత పడింది. అప్పుడన్నాడు ఇతను, ముట్టుకోకు. గట్టిగా కూడా అనలేదు. మామూలుగానే అన్నాడు. మామూలుగా అన్న మాటలే ఇంట్లో స్తంభాల్లా పాతుకుపోతాయి.

ఆ తర్వాత ఇక సైకిల్ వైద్యం మొదలైంది. సీటు గట్టిగా ఉందన్నాడు, మెత్తటిది వేశాడు. మెత్తటిది బరువుగా ఉందన్నాడు, మధ్యలో చీలికున్న సన్నపుది వేశాడు. మడ్‌గార్డులు రేకువి తీసేసి ప్లాస్టిక్‌వి, పెడళ్ళు మడిచేవి, టైర్లు సన్నవి, ముందు లైటు ఒకటి, వెనక లైటు ఒకటి, హెల్మెట్‌కి ఇంకోటి, రాత్రి బయటికెళ్తే పెళ్ళి ఊరేగింపులా ఉండేవాడు. ప్రతి ముక్కనీ వంటింటి తూకం మీద పెట్టి తూచేవాడు, ఆమె పప్పు తూచుకుందామని వస్తే అక్కడ చైను ఉండేది. పోపు మాడిపోతోంది లెండి, మీ సవతి స్నానం అయ్యాక చెప్పండి అనేది. సవతి అని పేరు పెట్టింది ఆమే. సవతికి కొత్త నగలొచ్చాయా, సవతి ఇవాళ ఎక్కడ పడుకుంటుంది, నడవాలోనా, మంచం మీద మా మధ్యనా అని తమ్ముడితో చెప్పి నవ్వేది. ఆ తమ్ముడు, అంటే ఇతని బావమరిది, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, వారానికోసారి భోజనానికొచ్చి సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బావా, దాన్ని తగ్గించే బదులు నీ పొట్ట తగ్గించకూడదూ, పైసా ఖర్చు లేదు" అనేవాడు. పోయేటప్పుడు తీసేసిన సామానంతా డబ్బాలో వేసుకుని, నేను పారేస్తాలే అని పట్టుకుపోయేవాడు. చివరికి ఎర్ర ఫ్రేమునే మార్చేశాడు ఇతను, ఇనుపది పోయి తేలికపాటి బూడిదరంగుది వచ్చింది, ఇక కొన్ననాటి సైకిల్లో మిగిలింది ఏమిటయ్యా అంటే, ముట్టుకోకు అన్న మాటొకటి మిగిలింది. ఆ ఫ్రేమూ బావమరిదే భుజాన వేసుకుపోయాడు.

సంచి సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. ఆమె కుట్టిన సంచి. కర్టెన్ల గుడ్డ మిగిలితే, పెద్ద పెద్ద పసుపు పూలది, సైకిల్‌ని కొలిచి కుట్టింది, లోపల లైనింగు, పక్కన చిన్న జేబు, ఆ జేబుకి గుండీ. దాంతో ఒకే ఒక్కసారి రైలెక్కాడు. రైలుపెట్టెలో ఎవరో, ఏం బాబూ, పెళ్ళికూతుర్ని మోసుకెళ్తున్నావా అన్నారు. దిగి నల్ల సంచి కొన్నాడు. ఇతను పూల సంచిని పారేసే సామాను డబ్బాలో వేస్తుంటే, మడతపెట్టి వేయండి అంది ఆమె. పూలది ఎక్కడుందో ఇప్పుడు, ఉంటే ఎంత బాగుండు, ఏ చెత్తలో కలిసిపోయిందో. దేవుడా, నువ్వున్నావో లేదో నాకెప్పుడూ తేల్చుకునే తీరిక దొరకలేదు, కానీ ఆవిడ వంతెన దిగేదాకా ఉండు. ఆ తర్వాత నీ ఇష్టం.

కొండకోత దాటింది. వెలుతురు పడింది. చేతిలో ఫోన్ దానంతటదే మోగింది.

"వచ్చేశానండీ. రెండో ప్లాట్‌ఫారమేనా మీది?"

ప్రాణం లేచొచ్చింది అంటారు కదా. అది మాట వరసకి అనే మాట అనుకున్నాడు ఇన్నాళ్ళూ. నిజంగానే లేచొస్తుంది, అరికాళ్ళలోంచి మొదలై నెత్తి దాకా. నువ్వు బాగానే ఉన్నావా అని అడిగితే, ఎందుకు, బాగుండకూడదా అని నవ్వింది. అటువైపు ఎవరో కూలీ అరుపు, ఏదో ప్రకటన, దగ్గర్లోనే సైకిల్ బెల్లు ట్రింగు ట్రాంగుమని, పాతకాలపు పెద్ద బెల్లు, స్టేషన్ ఎంత హాయిగా ఉంది, లోకం ఎంత మామూలుగా ఉంది. బోల్టు సంగతి చెప్తే భయపడుతుంది, చెప్పకపోతే మళ్ళీ ఎక్కుతుంది, రైలు ఇంకో కోతలోకి పోబోతోంది, గబగబా నోటికి అలవాటైన మాటే వచ్చేసింది.

"సైకిల్ ముట్టుకోకు. దాని మీద చెయ్యి వెయ్యకు. దూరంగా కూర్చో, నేనొచ్చేదాకా ముట్టుకోకు."

అటువైపు కూలీ మళ్ళీ అరిచాడు. తర్వాత ఆమె, "సరే" అంది. ఫోన్ మళ్ళీ గుడ్డిదైంది.

అమ్మయ్య. ముందు అమ్మయ్య. మిగతావన్నీ తర్వాత. ఇతను సీటుకి జారగిలబడి ఊపిరి వదిలాడు, ఎంతసేపటి నుంచి బిగబట్టాడో, వదులుతుంటే వస్తూనే ఉంది. పెద్దాయన పేపరు దించి చూశాడు, ఏం బాబూ, ఒంట్లో బాలేదా అన్నాడు. బాగుందండీ, చాలా బాగుందండీ అన్నాడు ఇతను, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని చాలా బాగుందంటే ఎవరు నమ్ముతారు. ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వండి అన్నాడు. తాళాలగుత్తికి ఎప్పుడూ వేలాడే బుల్లి స్క్రూడ్రైవరు ఉంది, పర్సులో కాగితం పొట్లంలో రెండు మూడు మరలుంటాయి, అది వృత్తి రోగం. దారం కోసి, కాడ కలిపి, మర పెట్టబోతే అది జారి కింద పడింది. ఇద్దరూ వంగి సీటు కింద వెతికారు, పెద్దాయనకి జోడు లేక కనబడదు, ఇతనికి నీళ్ళు అడ్డమొచ్చి కనబడదు, దొరికాక ఇద్దరూ నవ్వుకున్నారు. బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి విన్నాడు. పెద్దాయన పెట్టుకుని చూసి, నెల్లాళ్ళ నుంచి మా ఆవిడ పోరుతోందయ్యా, బాగుచేయించుకోండి బాగుచేయించుకోండి అని, దారం సరిపోతుందిలే అన్నాను అన్నాడు. మా ఆవిడ దేనికీ పోరదండీ అన్నాడు ఇతను. అదృష్టవంతుడివి అన్నాడు పెద్దాయన. అవునండీ అన్నాడు, అని కిటికీ వైపు తిరిగాడు, పొలాల మీద ఎండ తగ్గి పచ్చగా ఉంది, ఎవడో గట్టు మీద కూర్చుని రైలుకేసి చెయ్యి ఊపుతున్నాడు, ఇతను కూడా చిన్నపిల్లాడిలా తిరిగి ఊపాడు.

అంత సుఖంలోనూ ముల్లొకటి గుచ్చుకుంది. సరే అంది. ఆ సరే ఏ రకం సరే. కూర వండనా అంటే సరే అనే సరే కాదది. తలుపు మెల్లగా వేసే సరే. ఎప్పుడెప్పుడంది అలా? వాన కురిసినరోజు, పక్కవీధిలో ఇంటికి కొలతలకి వెళ్ళాలి, ఆలస్యమైపోయింది, సైకిల్ తీసుకెళ్ళనా అని అడిగింది, కొత్త టైర్లే, బురద పడుతుంది అన్నాడు. సరే అంది, గొడుగేసుకుని నడిచింది. ఇంకోసారి నడవాలో అడ్డంగా ఉంటే జరపబోయింది, చేతులు తుడుచుకున్నావా అన్నాడు. వంటింట్లోంచి వచ్చిన చేతులు, తుడుచుకునే వచ్చింది, అయినా చూసుకుని, సరే అంది. ఇవాళ వంతెన దాటి, ఎండలో, మొగుడొస్తున్నాడని ఎదురొచ్చిన మనిషితో మొదటి మాట ఏమన్నాడు? ముట్టుకోకు. ఛీ, నోరా తాటిమట్టా. బతికిందన్న సంతోషంలో అన్నాడని ఆమెకెలా తెలుస్తుంది? ఆమెకి వినపడింది పాత మాటే కదా. మళ్ళీ చేద్దామంటే ఈ పొలాల మధ్య సిగ్నల్ అందదు. పోనీ అదే మంచిది, ఎదురుగా నిలబడి చెప్తాడు, చెప్పి సైకిల్ ఆమెకే ఇచ్చేస్తాడు, ఇదిగో నీ సవతిని నీ కాళ్ళ దగ్గర పడేస్తున్నా, తొక్కుతావో తన్నుతావో నీ ఇష్టం. తలుచుకుంటే ఆ మాట చాలా బాగున్నట్టనిపించి రెండుసార్లు లోలోపల అనుకున్నాడు.

అయినా బోల్టు లేకుండా ఎలా వచ్చింది? లివర్ ఒక్కటే ఆపిందా? అది ఆపదు, ఇతనికి తెలుసు. దిగి నడిపించుకుని వచ్చిందా? అంతదూరం నడిపించుకుంటూ వస్తే ఇంత తొందరగా రాదు. ఎవరి పుణ్యమో. ఎన్నో ఏళ్ళుగా దుకాణంలో ఊపి ఊపి విన్న కాడలన్నీ ఒక్కసారి పుణ్యమై అడ్డుపడ్డాయేమో. ఎలాగోలా వచ్చింది, చాలు, ఎలా అన్నది దేవుడి లెక్క, తవ్వి చూడకూడదు. ఇంటికెళ్ళాక ముందు ఈ పాతబోల్టు బిగించాలి. నీలం బోల్టు వద్దు, వచ్చే వారం దుకాణానికీ వద్దు. రైలు వేగం తగ్గింది. సిగ్నలు దగ్గర ఆగినట్టే ఆగి మళ్ళీ కదిలింది, పాత గోదాములు, రంగు వెలిసిన గోడలు, తర్వాత ప్లాట్‌ఫారం, జనం, బెంచీలు, బెంచీలు, బెంచీలు.

ఉంది. మెడలో టేపు వేసుకునే వచ్చేసింది, తియ్యడం మర్చిపోయింది. బెంచీ చివర కూర్చుని ఉంది, లేచింది. ఇతను దిగి, సంచి కింద పెట్టి, ముందు మోచేతులు చూశాడు, మోకాళ్ళ దగ్గర చీర చూశాడు, నుదురు చూశాడు, చుట్టూ తిరిగి వెనక్కూడా చూశాడు.

"ఏంటండీ, ఎక్కడైనా చిరిగానా?" అంది.

సైకిలేదీ అన్నాడు. ఆమె గడ్డంతో చూపించింది. నాలుగైదు బారల అవతల స్తంభానికి ఆనించి, పెద్ద పెద్ద పసుపు పూలు. ఇతనికి ముందు పూలే కనబడ్డాయి. పక్కన చిన్న జేబు, ఆ జేబుకి గుండీ. దగ్గరికెళ్ళి సంచి అంచు కొంచెం ఎత్తాడు. ఎర్రగా ఉంది. కీలు పక్కన నెలవంక గీత. గట్టిదని పీకేసిన మొదటి సీటు, రేకు మడ్‌గార్డులు, బరువని పారేసిన పెద్ద బెల్లు. ఎన్నేళ్ళుగానో ఇంట్లోంచి ఒక్కొక్కటే వెళ్ళగొట్టినవన్నీ ఒకచోట చేరి నిలబడి ఉన్నాయి. కీలు మధ్యలో పాత ఇనుప బోల్టు, బొటనవేలంత లావుది, ఏనుగెక్కినా కదలనిది. దాని మీద వేలు పెట్టబోయి ఆగాడు.

"ఇదీ..."

"నాది" అంది.

తర్వాత మెల్లగా చెప్పింది, ఇతని మొహం చూడకుండా. తమ్ముడు డబ్బాలు ఒక్కటీ పారేయలేదట, లిఫ్టు గదిలో దాచాడట, ఫ్రేము కూడా వచ్చాక అక్కా ఇక నీకో సైకిల్ అయిందే అన్నాడట, అన్నీ బిగించి ఇచ్చాడట. కర్టెన్ల దుకాణం వెనక పెట్టుకుంటుంది, కొలతలకి దాని మీదే వెళ్తుంది, ఇవాళ ఇంటికీ దాని మీదే వచ్చింది, గొడుగు పట్టుకుని నడిచే రోజులు పోయాయి. మీ సైకిల్ ఇంట్లోనే ఉంది, మీరు నిలబెట్టినచోటే ఉంది, దుమ్ము తుడవడం తప్ప దాన్ని నేనెప్పుడు ముట్టుకున్నాను అంది. ఆ మాటలో కోపం లేదు. అదే ఇతనికి కష్టంగా తోచింది.

"ఇవాళ చూపిద్దామనే వచ్చానండీ. ఇంతలో మీరు ముట్టుకోకు అన్నారు. తెలిసిపోయిందేమో, దీన్నీ తీసేసుకుంటారేమో అని భయమేసింది. అందుకే దూరంగా కూర్చున్నా."

రైల్లో రెండుసార్లు అనుకున్న గొప్పమాట ఎక్కడికి పోయిందో, ఇచ్చేయడానికి ఇతని దగ్గర ఏముంది, ఆమెది ఆమె తీసేసుకుంది. జేబులోంచి కాగితం తీసి విప్పి, బోల్టు ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్టి చెప్పాడు, నిన్న విప్పడం, లివర్ మూయడం, చెప్పకుండా వెళ్ళిపోవడం, వంతెన. నీకేమైనా అయ్యుంటే అన్నాడు. ఆమె బోల్టుని వేళ్ళతో తిప్పి చూసింది. ఇంతేనా ఇది అంది. ఇంతే అన్నాడు. పక్కనుంచి జనం తోసుకుంటూ పోతున్నారు. తర్వాత ఆమె పూల సంచి జేబు గుండీ విప్పి, బోల్టు లోపల వేసి, మళ్ళీ గుండీ పెట్టింది. ఇంటికెళ్ళాక ముందు దానికి పెట్టండి, పాపం, నడుం విరిగి పడుంది నా సవతి అంది. నవ్వు వచ్చింది, ముందు ఆమెకి, తర్వాత ఇతనికి, ఆగకుండా, కళ్ళు తుడుచుకునేంత.

బయటికి వెళ్ళాలంటే మెట్లెక్కి అవతలకి దిగాలి. ఆమె సైకిల్ వైపు వంగబోయింది. ఇతను అడ్డం వచ్చాడు, వచ్చి, చెయ్యి చాపి, సగంలో ఆపుకున్నాడు.

"ముట్టుకోవచ్చా?"

ఆమె ఇతనికేసి చూసింది. తీరిగ్గా, కిటికీ కొలిచేటప్పుడు చూసినట్టు చూసింది.

"చేతులు తుడుచుకున్నారా?"

ఇతను రెండు చేతులూ చొక్కాకి బాగా తుడుచుకుని, అటూ ఇటూ తిప్పి చూపించాడు. సరే అంది. ఈ సరే వేరేది. బరువుంటుంది మరి, జాగ్రత్త అని కూడా అంది. ఎత్తాడు. అబ్బ, ఎంత బరువో. ఇన్నేళ్ళు తులం తులం లెక్కన తగ్గించుకుంటూ వచ్చిన బరువంతా భుజం మీదికి వచ్చి కూర్చుంది, భుజం నొక్కుకుపోయింది, రెండో మెట్టుకే ఆయాసం వచ్చింది. ఆమె వెనకాల ఎక్కుతూ సంచి లోపలికి చెయ్యి పెట్టి బెల్లు కొట్టింది, ముందున్నవాళ్ళు ఉలిక్కిపడి తప్పుకున్నారు. కాసేపు దించుకోండి అంది. వద్దన్నాడు. మెట్లన్నీ ఎక్కి, మెట్లన్నీ దిగి, రోడ్డు దాకా ఎక్కడా దించకుండా మోశాడు.